కరువు పనిలో ఒక బడి

(అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో ఏడు రోజుల ఎన్.ఎస్.ఎస్. ప్రత్యేక శిబిరం జరిగింది. నాలుగో రోజు పొద్దున విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు ఒకరు విద్యార్థులతో మాట్లాడారు. ఆ మాటలకు ఇది అక్షర రూపం.)

కూచోండి, కూచోండి. ఎండలో ఉన్నవాళ్ళు ఈ చింతచెట్టు కిందికి జరగండి. చేతులకి బొబ్బలు లేచినవాళ్ళు ఎంతమంది? సరే, దించండి. మూడు రోజులుగా గడ్డపార పడుతున్నారు, బొబ్బలు రాకుంటేనే ఆశ్చర్యం.

మీకు ఎదురుగా ఆ కుంట కట్ట కనిపిస్తోంది కదా, దాని మీద మా నాయన మట్టి మోశాడు. నేను పుట్టింది ఈ పక్క ఊళ్ళోనే. వాన మొగం చాటేసిన ఏడాది కరువు పని పెట్టేవాళ్ళు. ఉపాధి హామీ వచ్చి ఇన్నేళ్ళయినా మన పల్లెల్లో ఇప్పటికీ ‘కరువు పనికి పోతున్నాం’ అనే అంటారు, మీరూ వినే ఉంటారు. సాయంత్రం మేస్త్రీ మస్టర్ తెరిచి పేర్లు పిలిచేవాడు. మా నాయన సిరా డబ్బీలో బొటనవేలు అద్ది ముద్ర వేసేవాడు. ఆ కాగితం మీద తన పేరుకెదురుగా ఎంత రాసుందో ఆయనకి తెలియదు. చదివినవాడు చెప్పిందే లెక్క. అట్లా ఎన్ని ఎండాకాలాలు పోయాయో! కట్ట లేచింది, కుంట నిండింది. మా నాయన మాత్రం పోయేదాకా వేలిముద్ర మనిషిగానే ఉండిపోయాడు. సాయంత్రంపూట ఒక గంట ఆ మట్టి గుట్ట మీదే కూచోబెట్టి నాలుగక్షరాలు చెప్పేవాళ్ళుంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి జవాబు నాకు చాలా దూరంలో, అమెరికాలో, ఒక కొండ మీద దొరికింది. ఇవాళ మీకు ఆ సంగతే చెబుదామని వచ్చాను.

మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. అక్కడి మనవాళ్ళకి ఆకులు రంగు మారే కాలం వచ్చిందంటే ఒకటే హడావిడి. పులిహోర కలుపుకొని, పెరుగన్నం డబ్బాలో పెట్టుకొని, పిల్లల్ని కార్లో ఎక్కించుకొని షెనండోవా అనే జాతీయ పార్కుకి పోతారు. కొండ శిఖరాల వెంబడి పోయే ఆ దారిని స్కైలైన్ డ్రైవ్ అంటారు. మేమూ పోయాం. మధ్యలో బిగ్ మెడోస్ అని ఒక మైదానం వస్తుంది. అక్కడ ఒక కుర్రాడి విగ్రహం ఉంది. ఒంటి మీద చొక్కా లేదు. నెత్తిన టోపీ, చేతిలో గొడ్డలి. ఎవరో సేనాధిపతి అయ్యుంటాడనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే కూలి పనికి వచ్చిన కుర్రాడు! కూలివాడికి విగ్రహం పెట్టిన చోటు నేను అంతకుముందు చూడలేదు. అక్కడే నిలబడిపోయాను. మా అమ్మాయి ‘నాన్నా, అన్నం చల్లారిపోతోంది’ అని పిలుస్తూనే ఉంది.

ఆ కుర్రాడు సివిలియన్ కన్సర్వేషన్ కోర్‌కి చెందినవాడు. పొట్టిగా సీసీసీ అంటారు. పనిలేని కుర్రాళ్ళకి అడవీ నేలా బాగుచేసే పని ఇచ్చిన ప్రభుత్వ దళం అది.

1933 సంగతి. అమెరికాలో బ్యాంకులు మూతపడ్డాయి. పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. చదువు మానేసి, పని దొరక్క, ఇంట్లో తినేనోరు ఒకటి తగ్గుతుందని గూడ్సు రైళ్ళెక్కి ఊళ్ళు పట్టుకు తిరిగే కుర్రాళ్ళు లక్షల్లో ఉన్నారు. అదే కాలంలో నేల కూడా పాడైపోయి ఉంది. అడవులు నరికేశారు, వాలు పొలాల్లో పైమట్టి వానకి కొట్టుకుపోయింది, నడిమి మైదానాల్లో గాలికి లేచిపోయింది. అక్కడ పనిలేని చేతులు, ఇక్కడ పాడుబడ్డ నేల. ఈ రెంటినీ కలపాలని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అనుకున్నాడు. ఆయన మార్చి 4న అధ్యక్షుడయ్యాడు. అదే నెల 31కి చట్టం అయిపోయింది. ఏప్రిల్ 7న మొదటి కుర్రాడి పేరు రాసుకున్నారు. ఏప్రిల్ 17న వర్జీనియా అడవిలో మొదటి క్యాంపు లేచింది. జూలై మొదటికల్లా దాదాపు 1300 క్యాంపులు, రెండు లక్షల డెబ్బై వేలకు పైగా కుర్రాళ్ళు! ఒక ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పట్టే కాలం మీకూ నాకూ తెలుసు. ఇది మూడు నెలల్లో జరిగింది.

ఎట్లా చేశారంటే, కొత్త శాఖ కట్టుకుంటూ కూచోలేదు. ఉన్న శాఖలకే పని పంచారు. కుర్రాళ్ళని ఏరడం కార్మిక శాఖ పని. తిండి, గుడారాలు, బట్టలు, వైద్యం సైన్యం చూసుకుంది. ఎక్కడ ఏ పని చేయాలో వ్యవసాయ శాఖా, జాతీయ పార్కుల్ని చూసుకునే అంతర్గత శాఖా చెప్పాయి. అందరి మీదా రాబర్ట్ ఫెక్నర్ అనే కార్మిక సంఘం నాయకుణ్ణి పెట్టారు. మొదట్లో వయసు 18 నుంచి 25, పెళ్ళి కాని మగపిల్లలు, ఇంట్లో గడవనివాళ్ళు. ఆరు నెలలకి పేరు రాయించుకోవాలి, కావాలంటే ఇంకా పొడిగించుకోవచ్చు. నెలకి 30 డాలర్లు. అందులో 25 నేరుగా ఇంటికి పోతాయి, చేతికి అయిదే. ఆ పాతిక డాలర్లతో ఇంటి దగ్గర తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తిన్నారు.

తిండి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన రాయలసీమ ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు తెల్లదొరలు కూడా కరువు పనులు పెట్టారు. రోజంతా రాళ్ళు కొట్టిన మగమనిషికి, రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టి నిర్ణయించిన కూలి ఎంతో తెలుసా? ఒక పౌను గింజలు, ఒక అణా. అర కిలో కూడా కాదు. పనికి పోయినవాళ్ళు పనిలోనే రాలిపోయారు. అమెరికా క్యాంపుల్లో మాత్రం బక్కచిక్కి వచ్చిన కుర్రాళ్ళు మూడు పూటలా తిని, కొన్ని వారాల్లోనే బరువు పెరిగారు. 1933 ఆగస్టు 12న రూజ్‌వెల్ట్ స్వయంగా ఆ బిగ్ మెడోస్ క్యాంపుకే వచ్చి, వాళ్ళ బల్లల దగ్గరే కూచుని వాళ్ళ తిండి తిన్నాడు. మీరూ రేపు జిల్లా నుంచి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ఈ వంట షెడ్డులోనే కూచోబెట్టండి, వేరే క్యారియర్ తెప్పించకండి.

ఇక పని. ఆరింటికి లేపేవాళ్ళు. ఎనిమిదింటికి గొడ్డలి, పార, పలుగు తీసుకొని లారీ ఎక్కేవాళ్ళు. సాయంత్రం నాలుగు దాకా పని. స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మొత్తం వాళ్ళే వేశారని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. రోడ్డు కంట్రాక్టర్లు వేశారు. ఆ రోడ్డు కోసం చీల్చిన కొండ వాలుల్ని సరిచేసి, గడ్డీ చెట్లూ నాటి, అంచున రాతి గోడలు పేర్చి, జనం ఆగి చూసే చోట్లు కట్టింది మాత్రం వీళ్ళు. ఆ కొండల్లో చెస్ట్‌నట్ చెట్లు తెగులు తగిలి ఎండిపోయి ఉండేవి, వాటిని కొట్టి తీసేశారు. తొమ్మిదేళ్ళలో దేశం మొత్తం మీద వాళ్ళు నాటిన చెట్లు దాదాపు 300 కోట్లు. మంటలు కనిపెట్టే బురుజులు మూడు వేలకు పైన కట్టారు. డెన్వర్ దగ్గర రెడ్ రాక్స్ అనే ఎర్రరాళ్ళ మధ్య ఉండే రంగస్థలం వాళ్ళ చేతిపనే. ఆస్టిన్ వైపు ఉన్న మనవాళ్ళు పిల్లల్ని తీసుకుపోయే బాస్ట్రాప్ పార్కులోని రాతి కాటేజీలూ వాళ్ళవే.

ఈ పనంతా మంచులో, ఎండలో, మంటల ముందు. 1937 ఆగస్టులో వయోమింగ్ రాష్ట్రంలో బ్లాక్‌వాటర్ అనే చోట అడవి అంటుకుంది. గాలి ఒక్కసారిగా దిశ మారింది. ఆర్పడానికి పోయినవాళ్ళలో 15 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఈ క్యాంపు కుర్రాళ్ళే. మీ వయసువాళ్ళు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతి.

1933 చట్టంలో చదువు మాటే లేదు. పని ఉంది, కూలి ఉంది, అంతే. కుర్రాళ్ళు వచ్చాక చూస్తే, కొందరికి ఉత్తరం వస్తే చదువుకోవడం రాదు. ఇంటి నుంచి అమ్మ ఎవరితోనో రాయించి పంపిన ఉత్తరాన్ని ఇక్కడ ఇంకెవరితోనో చదివించుకోవాలి. ఎక్కువమంది హైస్కూలు దాటనివాళ్ళు. సాయంత్రం నాలుగు తర్వాత వాళ్ళకి చేసే పని లేదు. ఆ ఏడాది చివర్లో క్యాంపుల్లో చదువు చెప్పించాలని నిర్ణయం జరిగింది. సైనికాధికారుల్లో కొందరికి ఇది నచ్చలేదు. పంతుళ్ళు వచ్చి కుర్రాళ్ళ బుర్రల్లోకి ఏవేవో ఎక్కిస్తారని వాళ్ళ భయం. ఫెక్నర్‌కి కూడా చదువు వచ్చి పనిని తింటుందేమోనని అనుమానం. అందుకే పనివేళలు ముట్టుకోకుండా, సాయంత్రాలు, ఇష్టమైనవాళ్ళకే అని ఒప్పందం కుదిరింది. ఒక్కో క్యాంపుకి ఒక విద్యా సలహాదారుణ్ణి వేశారు. సుమారు రెండు వందల మంది కుర్రాళ్ళకి ఒక్క మనిషి! మొదట్లో గది లేదు, పుస్తకాల్లేవు. తిన్న బల్లల మీదే పాఠం. తర్వాత తర్వాత గదులు కట్టారు, చిన్న లైబ్రరీలు వచ్చాయి, కుర్రాళ్ళే రాసి అచ్చువేసుకునే క్యాంపు పత్రికలు వచ్చాయి. 1937లో చట్టంలోకే ఎక్కించారు, వారానికి పది గంటల దాకా చదువుకీ వృత్తి శిక్షణకీ కేటాయించవచ్చని.

చదవడం రాయడం బొత్తిగా రాని కుర్రాళ్ళు 40 వేల మందికి పైగా ఆ క్యాంపుల్లో అక్షరాలు నేర్చుకున్నారు. మిగతా అంకెలన్నీ మీరు మర్చిపోయినా నాకు బాధ లేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. నలభై వేల బొటనవేళ్ళు సిరా డబ్బీ నుంచి బయటపడ్డాయి. ఇంటికి పోయే ఆ పాతిక డాలర్ల లెక్క ఇప్పుడు ఎవరి లెక్క వాళ్ళే చదువుకోగలరు. అమ్మకి ఉత్తరం తనే రాసుకోగలడు.

అయితే అక్కడ అక్షరాలొక్కటే బడి కాదు. అడవిలో జరిగేదీ బడే. పట్నం కుర్రాళ్ళకి గొడ్డలి ఎట్లా పట్టాలో తెలియదు. చెట్టు ఎటు కూలుతుందో తెలియదు. వాళ్ళకి నేర్పడానికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఖాళీగా ఉన్న పాత పనివాళ్ళని, అంటే వడ్రంగులు, రాతి పనివాళ్ళు, అడవి తెలిసినవాళ్ళని, కూలి ఇచ్చి పెట్టుకున్నారు. స్థానిక అనుభవజ్ఞులు అని వాళ్ళకి పేరు. డిగ్రీ ఉందా అని ఎవరూ అడగలేదు. లారీ నడపడం, ఇంజన్ విప్పి బిగించడం, సర్వే గొలుసు పట్టడం, రెండొందల మందికి వంట చేయడం, టైపు కొట్టడం అన్నీ పనిలోంచే వచ్చాయి. గోడ కట్టేవాడికి సాయంత్రం క్లాసులో కొలతల లెక్క చెబితే ఎందుకు ఎక్కదు? పొద్దున తప్పు కొలిచి రాయి కుదరక ఇబ్బంది పడ్డది వాడే కదా.

ఏమ్మా? అడుగు, నిలబడి అడుగు.

(ఒక విద్యార్థిని: సార్, అందరూ మగపిల్లలేనా? అమ్మాయిల్ని తీసుకోలేదా?)

మంచి ప్రశ్న అడిగావు తల్లీ. తీసుకోలేదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ కూడా ఇదే అడిగింది, పట్టుబట్టింది. ఆమె పట్టుదల వల్ల న్యూయార్కు రాష్ట్రంలో బేర్ మౌంటెన్ దగ్గర 1933లో ఆడపిల్లలకి ఒక క్యాంపు పెట్టారు, తర్వాత మరికొన్ని. పత్రికలవాళ్ళు ఎగతాళిగా షీ-షీ-షీ అని పేరు పెట్టారు. అవి సీసీసీలో భాగం కూడా కావు. జీతం నామమాత్రం. మొత్తం మీద ఎనిమిదిన్నర వేల మందికి మించి ఆడపిల్లలు వాటికి పోలేదు. 1937లో మూసేశారు. మగపిల్లల లెక్క దాదాపు ముప్పై లక్షలు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడు, ఎంత అన్యాయమో తెలుస్తుంది.

ఇంకా ఉంది. కాంగ్రెసులో, అంటే అమెరికా పార్లమెంటులో, నల్లజాతి సభ్యుడు ఆస్కార్ డి ప్రీస్ట్ పట్టుబట్టడంతో జాతి, రంగు, మతం పేరుతో తేడా చూపకూడదని చట్టంలో రాశారు. రాసింది రాసినట్టుండగానే 1935 నుంచి నల్ల కుర్రాళ్ళని వేరే క్యాంపుల్లో పెట్టమన్నారు. వేరుగా కూచోబెట్టడం అంటే ఏమిటో మన ఊళ్ళలో పుట్టినవాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. అయినా రెండు లక్షలకు పైగా నల్ల కుర్రాళ్ళు వచ్చి పనిచేశారు, చదువుకున్నారు. అక్కడి ఆదివాసులకి వేరే విభాగం ఉండేది. ఎనభై వేల మందికి పైగా, ఎక్కువగా తమ ఇళ్ళ దగ్గరే ఉండి, తమ నేల మీదే తాము పనిచేశారు. అది నాకు నచ్చింది.

నేను అంతగా మెచ్చుకున్న ఆ షెనండోవా కొండల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. పార్కు కోసం అక్కడ తరాలుగా బతుకుతున్న వందలాది కుటుంబాలని లేపేశారు. ఖాళీ చేయించిన ఇళ్ళని పడగొట్టే పని ఈ కుర్రాళ్ళ చేతుల మీదుగానే జరిగింది. శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళెవరైనా మీ ఇళ్ళలో ఉంటే వాళ్ళకి చెప్పండి, అర్థం చేసుకుంటారు. పనిలో పొరపాట్లూ ఉన్నాయి. దక్షిణ రాష్ట్రాల్లో మట్టి కోత ఆగాలని కుడ్జూ అనే తీగ నాటారు. అది మట్టిని ఆపింది, తర్వాత చెట్లనీ స్తంభాలనీ పాడు ఇళ్ళనీ కప్పేసింది. మన దగ్గర సర్కారు తుమ్మ చేసింది చూశారు కదా, అట్లాంటిదే. నాటే ముందు ఆ మొక్క ఎక్కడిదో, పదేళ్ళకి ఏమవుతుందో అడిగి తెలుసుకోవాలి.

1942లో అది ఆగిపోయింది. యుద్ధం వచ్చింది, కుర్రాళ్ళు సైన్యానికి పోయారు, కాంగ్రెసు డబ్బు ఆపేసింది. శాశ్వతం చేయాలని రూజ్‌వెల్ట్ 1937లోనే అడిగాడు, వాళ్ళు ఒప్పుకోలేదు. కానీ ఆ విత్తనం చావలేదు. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రం తన సొంత దళం పెట్టుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. 18 నుంచి 25 ఏళ్ళ అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి మంటలార్పుతారు, వాగులు బాగుచేస్తారు. హైస్కూలు మధ్యలో ఆపేసినవాళ్ళు అక్కడే పూర్తి చేసుకుంటారు. కష్టమైన పని, తక్కువ జీతం, దుర్భరమైన పరిస్థితులు, ఇంకా ఎన్నో! అని వాళ్ళు బాహాటంగా చెప్పుకుంటారు. అయినా పిల్లలు వస్తూనే ఉన్నారు.

మన ఎన్.ఎస్.ఎస్. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైంది. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. రెండేళ్ళలో 240 గంటలు, మధ్యలో ఏడు రోజుల క్యాంపు. నేను ఇరవై ఏళ్ళు ప్రోగ్రాం ఆఫీసరుగా చేశాను కాబట్టి నా మాట మీద మీకు నమ్మకం ఉండాలి: ఏడు రోజులు చాలవు. మొదటి రెండు రోజులు బొబ్బలు లేస్తాయి, మూడో రోజు పని తెలుస్తుంది, అయిదో రోజు చేయి తిరుగుతుంది, ఏడో రోజు సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తాం. నాటిన మొక్కకి వచ్చే ఏప్రిల్‌లో నీళ్ళెవరు పోస్తారు? నేను నాటించిన మొక్కల్లో ఎన్ని బతికాయో చూద్దామని ఒకసారి తిరిగి పోయాను. గుంతలు కనిపించాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆరు నెలలు కావాలి. డిగ్రీ అయి, ఉద్యోగం రాక, ఇంట్లో తలెత్తుకోలేక తిరిగే పిల్లలు మన జిల్లాలో ఎంతమంది లేరు? వాళ్ళకి ఆరు నెలలు తిండి, కూలి, సాయంత్రం చదువు. చెరువు పూడిక, కందకాలు, విత్తనపు బంతులు, భూగర్భజలం కొలవడం, డ్రోన్ సర్వే, సోలార్ పంపు మరమ్మతు. పని అయ్యేసరికి చేతిలో ఒక విద్య ఉండాలి, అది చూపిస్తే ఎవరైనా పనిలో పెట్టుకోవాలి. అదే పనిలో పక్కన మట్టి మోసే కూలివాళ్ళు కూడా సాయంత్రం ఆ గదిలో కూచోవాలి. అడగండి. మీ ఎమ్మెల్యేని అడగండి, కలెక్టరు వచ్చినప్పుడు అడగండి. నేను అడుగుతూనే ఉన్నాను, మీ గొంతు నాకంటే గట్టిగా ఉంటుంది.

సరే, ఎండ పడుతోంది. ఇవాళ మధ్యాహ్నం మనం ఆ గుట్ట మీద కందకాలకి గీత గీయాలి. నిన్న మీరు తవ్విన కందకం ఒక పక్కకి వాలింది, చూశాను. వాలితే నీళ్ళు నిలవవు, ఒక మూలకి పరుగెత్తి గట్టు తెంచుతాయి. అందుకని ఏ-ఫ్రేమ్ చేద్దాం. సమానంగా ఉన్న రెండు కర్రలు, అడ్డంగా ఒక చిన్న కర్ర, పై కొస నుంచి ఒక దారం, దారానికి ఒక రాయి. ఒక చోట నిలబెట్టి దారం అడ్డకర్రని ఎక్కడ తాకిందో గీత పెట్టండి. కాళ్ళు అటుదిటు మార్చి మళ్ళీ గీత పెట్టండి. రెండు గీతల నడిమి దగ్గరికి దారం వస్తే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. త్రిభుజం పాఠం తొమ్మిదో తరగతిలో చదివారు కదా, ఇదే.

ఈ ఊళ్ళో రాతి కట్టలు పేర్చే పెద్దాయన ఒకాయన మూడు గంటలకి వస్తానన్నాడు. ఆయన బడికి పోలేదు. కొండ వాలు కంటితోనే చెబుతాడు. ఆయన చెప్పింది నోట్సు రాసుకోండి. సాయంత్రం ఆరింటికి ఆయనా, పనికొచ్చే ఇంకో పదిమందీ స్కూలు వరండాకి వస్తారు. పలకలు, సుద్దముక్కలు నా స్కూటర్ డిక్కీలో ఉన్నాయి, ఎవరైనా ఇద్దరు వచ్చి దించండి.